గుర్రాల ట్రైలర్‌లో ఫ్రిజ్: యంత్రానికి ముందు విద్యుత్ లెక్క

అమెరికాలో గుర్రాలను పోటీలకు, ప్రదర్శనలకు తీసుకువెళ్లే యజమానులు అనేకులు నివాస వసతి గల ట్రైలర్లను వాడుతారు. వెనుక భాగంలో గుర్రాలు, ముందు భాగంలో పడక, చిన్న వంటగది. మధ్య ఒక్క గోడ. ఆ వంటగదిలోని ఫ్రిజ్‌లో పాలు, కూరగాయలతో పాటు గుర్రాలకు వేయవలసిన టీకాలు కూడా ఉంటాయి. పాలు విరిగితే వాసన చెబుతుంది; టీకా శక్తి కోల్పోతే చాలాసార్లు పైకి ఏ గుర్తూ కనిపించదు. కాబట్టి ఈ ఫ్రిజ్‌కు విద్యుత్తు ఎలా అందించాలన్నది సౌకర్యానికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. పశు ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న.

ఇటువంటి వాహనాలలో చాలాకాలం అబ్జార్ప్షన్ ఫ్రిజ్‌లదే పైచేయి. 1922లో స్వీడన్‌లో బాల్ట్‌జర్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ మున్టర్స్ అనే ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థులు రూపొందించిన విధానమిది. ఇందులో కంప్రెసర్ ఉండదు; అమ్మోనియా, నీరు, హైడ్రోజన్‌ల ప్రసరణ వేడి ఆధారంగా సాగుతుంది. ఆ వేడిని ప్రొపేన్ మంట నుండి గాని, 120 వోల్టుల సరఫరా నుండి గాని, 12 వోల్టుల బ్యాటరీ నుండి గాని ఇవ్వవచ్చు. శబ్దం ఉండదు. గ్యాస్ వినియోగం స్వల్పం. కరెంటు లేని మైదానంలో రోజుల తరబడి ఆగేవారికి ఇది ఎంతో అనువైనదని అంగీకరించవలసిందే.

అయితే ప్రయాణంలో దీని పరిమితులు బయటపడతాయి. ఎత్తుపల్లాల మీద వాహనాన్ని నిలిపి ఉంచితే ద్రవ ప్రసరణ మందగించి యంత్రం దెబ్బతింటుంది. ఎండుగడ్డి, వరిగడ్డి వంటి పరుపు, కట్టివేసిన జంతువులు ఉన్న వాహనంలో మంటను వెలిగించి ప్రయాణించడం, ఇంధన కేంద్రం వద్ద దానిని ఆర్పడం మరచిపోవడం ఎంత ప్రమాదకరమో వివరించనవసరం లేదు. మంటకు బదులు బ్యాటరీతో నడుపుదామంటే లెక్క కుదరదు. 150 వాట్ల హీటర్ రోజంతా పనిచేస్తే 3,600 వాట్-గంటలు కావాలి. 100 ఆంపియర్-గంటల సాధారణ లెడ్-ఆసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయరాదు గనుక దాని నుండి దక్కేది 600 వాట్-గంటలే. అంటే నాలుగు గంటల కాలం.

ఇందుకు భిన్నంగా, 12 వోల్టులతో నేరుగా నడిచే కంప్రెసర్ ఫ్రిజ్ పనిచేస్తున్నప్పుడు 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు తీసుకుంటుందనుకుందాం. రోజులో 40 శాతం సమయం నడిస్తే సుమారు 520 వాట్-గంటలు చాలు. 100 ఆంపియర్-గంటల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 80 శాతం వాడుకున్నా దాదాపు 1,020 వాట్-గంటలు లభిస్తాయి. అది రమారమి రెండు రోజుల అవసరం. 200 వాట్ల సౌర ఫలకం ఐదు గంటల మంచి ఎండలో, 30 శాతం నష్టాలు పోను, 700 వాట్-గంటలు ఇస్తుంది.

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. తీవ్రమైన వేసవిలో అదే కంప్రెసర్ 60 శాతం సమయం నడిస్తే అవసరం 780 వాట్-గంటలకు చేరుతుంది. సగటు రోజుకు సరిపోయిన ఫలకం, టీకాకు ముప్పు అధికంగా ఉన్న రోజుననే చాలకపోతుంది. కనుక సగటు రోజును బట్టి కాక అత్యంత కఠినమైన రోజును బట్టి వ్యవస్థను నిర్ణయించాలి. లాగే వాహనం నుండి ట్రైలర్‌కు వచ్చే ఛార్జింగ్ తీగ పొడవుగా, సన్నగా ఉండడం వల్ల వోల్టేజి పడిపోతుంది. దాని మీదనే ఆధారపడక డీసీ-డీసీ ఛార్జర్ అమర్చుకోవాలి. వాహనాన్ని స్టార్ట్ చేసే బ్యాటరీని ఫ్రిజ్ బ్యాటరీ నుండి వేరుగా ఉంచాలి.

మన రాష్ట్రాలలో నివాస వసతి గల గుర్రాల ట్రైలర్లు అరుదు. కాని 1962 నంబరుకు ఫోన్ చేస్తే గ్రామానికి వచ్చే సంచార పశువైద్య వాహనంలో టీకాలు తీసుకువెళ్లాలన్నా ఇదే లెక్క వర్తిస్తుంది. గాలికుంటు వ్యాధి టీకాను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. వేడెక్కినా, గడ్డకట్టినా అది పనికిరాదు. మే నెలలో వాహనాన్ని చెట్టు నీడన నిలిపితే పైకప్పు మీది ఫలకం పనిచేయదు. ఎండలో నిలిపితే ఫ్రిజ్ మీద భారం పెరుగుతుంది. పొడవైన తీగతో విడిగా ఎండలో పరచగల ఫలకం ఈ చిక్కును తీరుస్తుంది. ఇది ఖరీదైన పరిష్కారం కాదు. కాని ముందుగా ఆలోచించవలసిన పరిష్కారం.

కొనుగోలు పట్టికలలో ఫ్రిజ్ ఎన్ని లీటర్లదో రాస్తాము. వేసవి రోజున దానికి ఎన్ని వాట్-గంటలు కావాలో మాత్రం రాయము. ఈ లోపాన్ని సరిదిద్దడం విస్తరణ శాస్త్రవేత్తల చేతిలోని పని. విద్యార్థులు ఒక వాహనాన్ని ఎంచుకొని, ఏప్రిల్, మే నెలలలో విద్యుత్ వినియోగాన్ని, ఫ్రిజ్ లోపలి ఉష్ణోగ్రతను గంట గంటకూ నమోదు చేస్తే, అది ప్రయోగశాల అవసరం లేని చక్కని ప్రాజెక్టు అవుతుంది. రైతు తన పశువుకు టీకా వేయించుకున్నానన్న ధైర్యంతో ఇంటికి వెళతాడు. ఆ ధైర్యానికి ఆధారం సీసా మీది చీటీ మాత్రమే కారాదు. అది అక్కడికి చేరేవరకు తగ్గని చల్లదనం కూడా కావాలి.