కిల్టు కట్టిన కొడుకు



స్కాట్లాండు దేశపు పురుషులు నడుము నుండి మోకాలి వరకు చుట్టుకొనే దుస్తును కిల్టు అంటారు. మన పంచెకు కుచ్చిళ్ళు ముందుంటాయి, దానికి వెనుక. పెండ్లిళ్ళకు కట్టే కిల్టు గళ్ళ నేత ఉన్నిగుడ్డ, సుమారు 8 గజములు పట్టును. జేబులుండవు గనుక ముందు ఒక తోలుసంచి వ్రేలాడదీస్తారు.

ఈ దినములలో రోజువారీ కిల్టు వచ్చినది. దీనిని నూలు గుడ్డతోనో జీన్సు గుడ్డతోనో తక్కువ బట్టతో కుట్టి, ప్రక్కల జేబులు పెడుతున్నారు. తోలుసంచి అక్కరలేదు. పైన టీషర్టు, క్రింద మోటు బూట్లు. అమెరికాలోని సియాటిల్ పట్టణములో 2000లో మొదలైన యుటిలికిల్ట్స్ కంపెనీ ఇట్టి వాటితోనే పేరు తెచ్చుకొన్నది.

పాతదానిని బొడ్డు దగ్గర బిగించాలి. కొత్తవి చాలామట్టుకు ప్యాంటువలె తుంటి మీద నిలుస్తాయి. అందుచేత ప్యాంటు సైజు చెప్పి కొంటే చిక్కే. అది నిలిచే చోట టేపు పెట్టి కొలవాలి. అంచు మోకాలి మీదికి వస్తే చాలు. అంతకంటె క్రిందికి జారితే గౌనువలె కనబడుతుంది.

తగవు అక్కడే మొదలగును. మా సంఘములోని ఒక తల్లి తన ఫోనులో ఫోటో చూపినది. గ్లాస్గోలో ఉద్యోగము చేసే కుమారుడు స్నేహితులతో కిల్టు కట్టుకొని నిలుచున్నాడు. తండ్రి రెండు నెలలుగా వానితో మాట్లాడుట లేదు. ద్వితీయోపదేశకాండము 22:5 చూపుచున్నాడట. ఆయన వాక్యమంటే భయభక్తులు గల మనిషి, ఆయన మాటను తేలికగా త్రోసివేయలేము.

అయితే ఆ వచనము పురుషుడు స్త్రీ వేషము వేయుటను గూర్చినది. ప్యాంటు అనే మాటే ఎరుగని కాలములో, ఆడ మగ ఇరువురూ పొడుగు అంగీలు తొడిగినప్పుడు వ్రాయబడినది. ఏది స్త్రీ వస్త్రమో ఆయా జనుల వాడుకను బట్టి తెలియును. స్కాట్లాండులో కిల్టు మగవాని బట్ట. సైనికులు దానితో యుద్ధములకు వెళ్ళారు. తిరుగుబాటు తరువాత 1746లో బ్రిటిషు పార్లమెంటు దానిని నిషేధించినది. మొదటిసారి పట్టుబడితే 6 నెలల చెర, రెండవసారి 7 సంవత్సరములు సముద్రము దాటించుట. 1782లో గాని ఆ చట్టము తీసివేయబడలేదు. ఆడవేషమునకు ఎవరైనా ఇంత శిక్ష వేయుదురా? మన లుంగీని చూచి ఒక పరదేశి స్కర్టు అంటే ఈ తండ్రియే ముందు కోపపడును.

మేము ఆ తండ్రి దగ్గరకు వెళ్ళి నిర్గమకాండము 28:42 చదివాము. యాజకులు అంగీ క్రింద నారలాగులు తొడుగవలెనని దేవుడు ఆజ్ఞాపించెను. కిల్టు క్రింద ఏమియు తొడుగరాదని అక్కడ పరిహాసముగా చెప్పుకొందురు. దానిని గూర్చి కుమారుని అడుగవలసిందే, అయితే అడగాలంటే ముందు మాట్లాడాలి కదా! ఆయన చాలాసేపు ఊరకుండి, చివరకు ఫోను తీసుకొన్నాడు.

క్రిస్మస్ ఆరాధనకు వాడు కిల్టుతో రావచ్చునా అని తల్లి అడిగినది. రావచ్చునన్నాము. మన మందిరములో అందరము చాపల మీద కూర్చుందుము గనుక, ఆ దినమున వానికి వెనుక ఒక బల్ల వేయించుదుము.