కాలదోషము పట్టిన పతకములు

న్యాయవాదులు తఱచుగా పలుకునదియు, కక్షిదారులు సహింపలేనిదియు నగు మాట యొకటి కలదు. ‘నీ పక్షమున న్యాయమున్నది, సాక్ష్యమున్నది, కాని నీ దావాకు కాలదోషము పట్టినది.’ ఈ మాటను నేను పలుమారులు పలికితిని. పలికిన ప్రతిమారును ఎదుటివాని ముఖము చూడలేక కాగితములు సర్దుకొంటిని. ఇట్టి మాటనే 1998వ సంవత్సరమున అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమువారు అమెరికా దేశపు ఈతకత్తెలకు చెప్పి పంపిరి. వారిలో అందఱికంటె ఎక్కువ నష్టపడిన యామె షర్లీ బాబషాఫ్. ఆమె కథ మన పాఠకులలో పలువురకు తెలిసియుండదు. తెలియదగిన కథ.

ఆమె 1957 జనవరి 31వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రములోని విట్టియర్ పట్టణమున జన్మించెను. 1972లో మ్యూనిక్ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగిననాటికి ఆమెకు పదునైదేండ్లు. ఆ వయస్సుననే, నలుగురు వంతులవారీగా ఈదు 4×100 మీటర్ల పందెమున తన దేశమునకు స్వర్ణపతకము తెచ్చిన జట్టులో ఒకతె యయ్యెను. ఒంటరిగా ఈదిన 100 మీటర్ల పందెమున తన దేశస్థురాలగు శాండ్రా నీల్సన్‌కును, 200 మీటర్ల పందెమున ఆస్ట్రేలియా బాలిక షేన్ గూల్డ్‌కును రెండవదిగా నిలిచి రజతములు పొందెను. అవి నిజమైన ఓటములు. నిజమైన ఓటమికి సిగ్గుపడవలసిన పని లేదు. పిమ్మట మిషన్ వియెహో అను ఊర మార్క్ షూబర్ట్ అను శిక్షకుని యొద్ద కఠినమైన సాధన చేసి, 1975లో కొలంబియా దేశపు కాలీ నగరమున జరిగిన ప్రపంచపు పోటీలలో 200, 400 మీటర్ల పందెములు రెండును గెలిచెను. 1976లో అమెరికా జట్టు నేర్పరచు పోటీలయందు స్వేచ్ఛా ఈత పందెములన్నిటను ఆమెయే ప్రథమురాలు. నాలుగు విధముల ఈతలు కలిసిన 400 మీటర్ల పందెముకూడ ఆమెదే. అంతకు నాలుగేండ్లక్రితము మార్క్ స్పిట్జ్ ఏడు స్వర్ణములు గెలిచి చూపియుండుటచే, ఈ పందొమ్మిదేండ్ల పిల్ల మాంట్రియల్ నుండి అట్లే మెడనిండ పతకములతో రాగలదని ఆ దేశపు పత్రికలు ముందే తీర్మానించుకొనినవి.

ఇక రెండవ పక్షమును చూతము. నాటి తూర్పు జర్మనీ సుమారు కోటి డెబ్బది లక్షల జనము గల చిన్న దేశము. 1972లో ఆ దేశపు స్త్రీలు ఈతలో ఒక్క స్వర్ణమునైనను పొందలేదు. మరుసటి సంవత్సరమే బెల్‌గ్రేడ్‌లో జరిగిన ప్రపంచపు పోటీలలో 14 పందెములకు 10 వారివే. 1976లో మాంట్రియల్‌లో 13 పందెములకు 11 వారివే. లోకమంతయు ముక్కుమీద వ్రేలు వేసికొనినది. శిక్షణయందలి శాస్త్రీయపద్ధతి యని కొందఱు, సామ్యవాదపు క్రమశిక్షణ యని కొందఱు వ్యాఖ్యానించిరి. ఒక దేశము ఒక సంవత్సరములో సున్నకు ప్రక్కన అంకె వేసికొనినపుడు లెక్కల పుస్తకము చూడవలెనను బుద్ధి ఆ పెద్దలలో ఎవ్వరికిని కలుగలేదు.

ఆ క్రీడలలో షర్లీకి జరిగినదేమి? 200 మీటర్ల పందెమును కార్నీలియా ఎండర్ 1 నిమిషము 59.26 సెకన్లలో గెలిచినది. షర్లీ 2 నిమిషముల 1.22 సెకన్లతో రెండవది. 400 మీటర్లలో పెట్రా థూమర్ 4 నిమిషముల 9.89 సెకన్లు, షర్లీ 4 నిమిషముల 10.46. ఇక 800 మీటర్ల పందెమున థూమర్ 8 నిమిషముల 37.14 సెకన్లు, షర్లీ 8 నిమిషముల 37.59. ఎనిమిదిన్నర నిమిషములకు పైగా ఈదిన పిమ్మట తేడా అర సెకనైనను లేదు. చిన్ననాట నడుమునకు బెండ్లు కట్టుకొని కాలువలో ఈత నేర్చిన నావంటివానికి ఆ తేడా ఊహకైన అందదు. గోడను తాకునపుడు చేయి చాచుటకును చాచకపోవుటకును గల భేదమంత. ఈ మూడు పందెములలోను ఆమెను గెలిచినవారు తూర్పు జర్మనులే. నాలుగు విధముల ఈతల వంతుపందెమునందును అమెరికాకు వారి తరువాతి స్థానమే దక్కెను. వెరసి రజతములు నాలుగు.

ఆమె ఊరకుండలేదు. వారి గొంతులు మగవారి గొంతులవలె బొంగురుగా నున్నవనియు, వారి దేహములు సహజముగా పెరిగినవి కావనియు పత్రికలవారి యెదుట బాహాటముగా పలికెను. ‘మేము ఈదుటకు వచ్చితిమి, పాడుటకు రాలేద’ని తూర్పు జర్మను శిక్షకుడొకడు బదులు చెప్పెనట. ఆ చమత్కారమునకు అందఱును నవ్విరి. ఆమె దేశపు పత్రికలే ఆమెకు ఓర్వలేనిదని, ఓడుట తెలియనిదని బిరుదు లిచ్చినవి. ఆమె పేరుకు ప్రాస కూర్చి ముఖము మాడ్చుకొను పిల్ల యని శీర్షికలు వేసినవి. ఇది మన పత్రికాలోకమువారు కొంచెము నిలిచి చదువవలసిన ఘట్టము. సాక్షి చెప్పిన మాట నిజమా కాదా యని విచారింపక, సాక్షి ముఖము ప్రసన్నముగా నున్నదా యని విచారించు న్యాయాధిపతిని మనమేమందుము? ఆ నీటితొట్టి యొడ్డున ఉన్నవారిలో నిజము పైకి పలికిన పిల్ల ఆమె. నోరు మూయించుకొనినదియు ఆమెయే.

అయినను చివరినాటి వంతుపందెము ఒకటి మిగిలియుండెను. కిమ్ పేటన్, వెండీ బోగ్లియోలీ, పదునైదేండ్ల జిల్ స్టెర్కెల్, షర్లీ – ఈ నలుగురును ఆ రాత్రి ఒకరి వెనుక నొకరు నీటిలోనికి దుమికిరి. మొదటి వంతుననే ఎండర్ తన జట్టును సెకనుకుపైగా ముందునకు తీసికొనిపోయెను. రెండవ వంతున ఆ యెడము తగ్గెను. మూడవ వంతున స్టెర్కెల్ ముందంజ వేసి అమెరికాకు ఆధిక్యము తెచ్చెను. ఆ కొలదిపాటి ఆధిక్యమును షర్లీ చివరివఱకు నిలిపి గోడను తాకెను. 3 నిమిషముల 44.82 సెకన్లు, ప్రపంచమునకు అదివఱకు తెలియని వేగము. తూర్పు జర్మనులు 3 నిమిషముల 45.50. ఆ క్రీడలలో అమెరికా స్త్రీలు ఈతలో పొందిన స్వర్ణము అదియొక్కటే. ఔషధబలమునకు ఎదురుగా దేహబలము గెలిచిన ఆ నాలుగు నిమిషముల నుండియే ఈ వ్యాజ్యము వ్రాయవలసినదిగా నాకు తోచుచున్నది. ప్రతిపక్షము ఎంత గొప్పదైనను ఓడింపరానిది కాదని తేలినది గదా. మందు లేనిచో అర సెకను యెటు మ్రొగ్గెడిదో ఎవరికి తెలియదు?

ఇప్పుడు సాక్ష్యము. 1989లో బెర్లిన్ గోడ కూలినది. పిదప వెర్నర్ ఫ్రాంకె అను జీవశాస్త్రజ్ఞుడును, పూర్వము చక్రము విసరు క్రీడలో ఒలింపిక్ పోటీలకు వెళ్లిన ఆయన భార్య బ్రిగిట్టె బెరెండోంక్‌యు, సైనిక వైద్యశాఖకు చెందిన రహస్యపత్రములను వెదకి పట్టిరి. ఆమె 1991లో వానిని గ్రంథముగా వెలువరించెను. పురుషత్వమును కలిగించు రసాయనములను క్రీడాకారులకు ఇచ్చుట ప్రభుత్వమే నిర్ణయించి నడపిన కార్యక్రమమని అందు తేటతెల్లమైనది. 1974లో దానికి 14.25 అను సంఖ్యతో ప్రణాళిక యేర్పడెను. ఎవరికి, ఏ దినమున, ఎన్ని మిల్లీగ్రాములో లెక్కలు కలవు. యేనాఫార్మ్ అను సంస్థ తయారుచేసిన నీలపు మాత్రలను పదునాలుగు పదునైదేండ్ల బాలికలకు విటమినులని చెప్పి మ్రింగించిరి. మాంట్రియల్‌లోనే ఈ జాతి మందులకు మొట్టమొదటి పరీక్ష పెట్టిరి. కాని ఆ దేశపు వైద్యులు పోటీకి ముందు తగినన్ని దినములు మాత్రలు ఆపి, తమ పరీక్షాలయమున తామే సరిచూచుకొని పంపుటచే వారి ఈతకత్తెలలో ఒక్కతెయు పట్టుపడలేదు. ఎండర్ సైతము తనకు సూదిమందు లిచ్చెడివారని 1991లో ఒప్పుకొనెను. 2000వ సంవత్సరమున బెర్లిన్ న్యాయస్థానము ఆ దేశపు క్రీడాధిపతి మన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌కు 22 మాసములు, వైద్యుడు మన్‌ఫ్రెడ్ హోప్నర్‌కు 18 మాసములు శిక్ష విధించి, దానిని నిలిపివేసెను. అనగా ఒక్క దినమైనను చెఱసాలలో గడపకయే వారు ఇండ్లకు వెళ్లిరి. ఆ నేరములకు గల గడువుకూడ ఆ సంవత్సరపు అక్టోబరుతో ముగియవలసియుండెనట. కాలదోషము అందఱికంటె వేగముగా ఈదునని తోచును.

ఒక్క సంగతి ఇచ్చట స్పష్టముగా చెప్పవలెను. ఆ తూర్పు జర్మను బాలికలపై నాకు కోపము లేదు. కాలేయము చెడినవారు, గొంతు మాఱి తిరిగి రానివారు, బిడ్డల విషయమున బాధలు పడినవారు వారిలో కలరు. బెర్లిన్‌లో సాక్ష్యము చెప్పుటకు నిలిచినవారు వారే. జాతిగౌరవము అను మాటను సభలలో నేనును బిగ్గఱగా పలికినవాడను. స్వచ్ఛందసేవకుడనై జెండా మోసినవాడను. కావున ఈ కథ నాకు చురుక్కున తగులుచున్నది. జెండా పైకెగురుటకై తన బిడ్డల దేహములను తానే తెలియనీయక విషముతో నింపిన రాజ్యము దేశభక్తి గలదా? ఆ జెండాయే నేడు లేదు. ఆ దేహములు మాత్రము ఆ బాధను మోయుచున్నవి. 2002లో జర్మను ప్రభుత్వము చట్టము చేసి బాధితులకు కొంత సొమ్ము ఇచ్చినది. ఇచ్చుట మంచిదే.

మఱి షర్లీ మాట? 1998లో అమెరికా ఒలింపిక్ సంఘము నాటి ఫలితములను పునర్విచారించి తమ స్త్రీలకు న్యాయము చేయుడని కోరగా, చాల కాలము గడచినదనియు, చరిత్రను తిరుగవ్రాయుట సాధ్యము కాదనియు ఒలింపిక్ పెద్దలు త్రోసిపుచ్చిరి. నా వృత్తి నన్ను ఇచ్చట మాటాడకుండ ఉండనీయదు. కాలపరిమితి చట్టము నిద్రించువానిని శిక్షించుటకు పుట్టినది గాని మోసగానిని కాపాడుటకు పుట్టినది కాదు. మన 1963వ సంవత్సరపు చట్టములోని 17వ సెక్షను చూడుడు: మోసము జరిగినచోట గడువు మోసము జరిగిన దినమునుండి గాక, వాదికి అది తెలిసిన దినమునుండి లెక్కకు వచ్చును. దస్తావేజును దాచిపెట్టినవాడే ‘ఇన్నాళ్లు ఏల అడుగలేద’ని ప్రశ్నించుటను ఏ జిల్లా కోర్టును అంగీకరింపదు. షర్లీ నిద్రించినదా? 1976లోనే, ఆ నీటితొట్టి ప్రక్కననే నిలిచి అరచినది గదా!

చరిత్రను తిరుగవ్రాయజాలమనుటయు నిజము కాదు. 1912లో జిమ్ థోర్ప్ గెలిచిన పతకములను, అభ్యంతరము చెప్పుటకు ఆనాటి నిబంధనలలో గల ముప్పది దినముల గడువు మీఱిన పిదప 1913లో ఊడబెఱికిన సంఘమే ఇది. డెబ్బదేండ్ల పిదప, ఆయన గతించి మూడు దశాబ్దములు కావచ్చునపుడు, 1983లో ఆయన సంతతికి పతకముల ప్రతులను ఇచ్చి ఆయనను సహవిజేతగా వ్రాసినదియు ఇదియే. 2022లో ఆయనయే ఏకైక విజేత యని దిద్దినదియు ఇదియే. 1992లో బార్సిలోనాలో, సంగీతమునకు అనుగుణముగా సాగు ఈతలో న్యాయనిర్ణేత ఒక మీటను తప్పుగా నొక్కుటచే రెండవదైన కెనడా యువతి సిల్వీ ఫ్రెషెట్‌కు మరుసటి యేట రెండవ స్వర్ణము పోతపోయించి ఇచ్చిరి. మొదటి యామె పతకము ఆమెకే ఉండనిచ్చిరి. వ్రేలు జాఱిన తప్పునకు సవరణ కలదు. రాజ్యమే పన్నిన మోసమునకు లేదట. ఇంకొకటి. షర్లీ ఈదిన మ్యూనిక్ క్రీడలలోనే రిక్ డీమాంట్ అను పదునాఱేండ్ల అమెరికా బాలుడు 400 మీటర్లు గెలిచెను. ఉబ్బసమునకై తాను వాడుచున్న మందును ముందుగానే వ్రాసి యిచ్చినను, ఆ మందు మూత్రమున కనబడెనని వాని స్వర్ణమును లాగికొనిరి. ఉబ్బసపు పిల్లవానియెడ అంత చురుకైన చేయి, రాజ్యముయెడ ఏల చచ్చుబడెనో!

తూర్పు జర్మనుల మెడలనుండి పతకములు లాగవలెనని నేను కోరను. వారును వంచితలే. ఫ్రెషెట్‌కు చేసినట్లు, 1976 నాటి పట్టికలో రెండవ, మూడవ స్థానముల వారిని సహవిజేతలుగా వ్రాయుట చాలును. అట్లు చేసినచో లాభపడునది అమెరికా ఒక్కటియే కాదు. ఆ 100 మీటర్ల పందెమున ఇద్దఱు తూర్పు జర్మనుల వెనుక మూడవదిగా వచ్చినది క్యురసావో దీవిలో పుట్టి నెదర్లాండ్స్ పక్షమున ఈదిన నల్లజాతి యువతి ఎనిత్ బ్రిగితా. ఈతలో ఒలింపిక్ స్వర్ణము పొందిన మొట్టమొదటి నల్లజాతి వ్యక్తిగా ఆమె పేరు ఉండవలసినది. ఆ గౌరవము పండ్రెండేండ్ల పిదప 1988లో సురినామ్ దేశపు ఆంథొనీ నెస్టీకి దక్కెను. సహవిజేతలను చేయుటకు ఎవరు నిర్దోషులో ఎట్లు తేల్చుదురని ప్రశ్నించువారు కలరు. ప్రశ్న న్యాయమైనదే, విచారణ జరుపుడు, ఎవరిపైనైనను సాక్ష్యమున్నచో వారిని విడిచిపెట్టుడు. విచారణయే వలదనుటకు అది కారణము కాజాలదు.

షర్లీ ఈత మానిన పిమ్మట కొంతకాలము పిల్లలకు ఈత నేర్పెను. పిదప తపాలాశాఖలో చేరి, దక్షిణ కాలిఫోర్నియాలో ఇంటింటికి ఉత్తరములు బట్వాడా చేయుచు, ఒంటరిగా తన కుమారుని పెంచుకొనెను. 2005లో ఒలింపిక్ సంఘమువారు ఆమెకు ఒలింపిక్ ఆర్డర్ అను గౌరవచిహ్నము నొసగిరి. భూమికి పట్టా అడిగినవానికి సభలో శాలువ కప్పి పంపినట్లున్నది. 2016లో ఆమె తన జీవితకథను గ్రంథముగా ప్రకటించి, నాలుగు దశాబ్దములక్రితము పలికిన మాటనే మఱల పలికెను. ఈ మారు నవ్వినవారు లేరు. ఒలింపిక్ పెద్దలు ఒక్క పూట సమావేశమై, ఒక తీర్మానము వ్రాసి, కొన్ని పతకములు పోతపోయించిన చాలును. వాదులు బ్రతికియుండగనే ఆ పని కావలెను.