పాంటూనా? చిన్న నావా?



అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున కాపురముండు సోదరి యొకరు మాకు జాబు వ్రాసినారు. వేసవికి వారింట పడవ కొనదలచినారట. పెనిమిటికి వేగముగా పోవు చిన్న నావపై మనసు. అత్తగారు పాంటూను తప్ప మఱియొకటి యెక్కనన్నారు. ఇంటిలో ఆఱేండ్ల బాలుడును, చంటిబిడ్డయు గలరు. "ఏది క్షేమము?" అని వారి ప్రశ్న. ఇది కలవారి ముచ్చట యని కొందఱు నవ్వవచ్చును గాని, బిడ్డలను నీటిమీదికి కొనిపోవు తల్లికిది నవ్వులాట గాదు.

గోదావరి రేవులలో పంటు ఎక్కినవారికి పాంటూను సంగతి సులభముగా బోధపడును. రెండు పడవలను జతచేసి పైని బల్లలు పఱచినట్లే, రెండు అల్యూమినియము గొట్టములపై చదునైన అరుగు, చుట్టును కటకటాలు, కూర్చుండుటకు మెత్తలు. ఆ మిన్నెసోటాలోనే రిచ్మండు అను ఊర, 1952లో ఆంబ్రోస్ వీరెస్ అనునాయన ఉక్కుపీపాలను వరుసగా అతికించి, వానిపై కొయ్యబల్ల బిగించి సరస్సులో వదలెనట. గొట్టములు రెండును ఎడముగా నుండుటచే, అత్తగారు ఒక ప్రక్కకు నడచినను అరుగు అంతగా ఒరగదు. వసారాలో తిరిగినట్లు తిరుగవచ్చును.

చిన్న నావ యట్లు గాదు. దాని అడుగు ఇంగ్లీషు వి అక్షరమువలె వాడిగా దిగియుండును. పరుగెత్తునపుడు అలను చీల్చుకొని పోవును. నిలిచియున్నపుడు ఒక్కరు లేచినను ఊగును. 1960లో మయామినుండి నాసౌకు జరిగిన పందెమున, రేమండు హంటు రూపించిన ఇట్టి లోతైన అడుగుగల పడవయే అల్లకల్లోలమైన కడలిలో గెలిచిన మాట నిజమే. అయితే అది సుమారు 30 అడుగుల పడవ. దాని కీర్తిని చూచి 16 అడుగుల నావ కొనుట, ఏనుగు బలమును తలచి దూడను కొన్నట్లుండును. పెనిమిటిగారు మమ్ము మన్నింతురు గాక.

అట్లని పాంటూను అన్ని నీళ్లకును తగినది గాదు. ఆ రాష్ట్రముననే మిల్ లాక్సు అను సరస్సు సుమారు 1,32,000 ఎకరముల వైశాల్యము గలది. ఎంత లోతైన చోటను 42 అడుగులు మించదు. విశాలమై లోతు తక్కువైన నీటిపై గాలి వీచినచో, అలలు పొట్టిగా, నిట్రముగా, ఒకదానివెంట నొకటి లేచును. అట్టిచోట అందఱును ముందరి భాగమున గుమిగూడియుండగా వేగము తటాలున తగ్గించిరా, గొట్టముల ముక్కులు మునిగి అరుగుపైకి నీరెక్కును. అక్కడికి తగినంత పెద్దదగు నావయే మేలు. కాని సోదరి తమ యింటి వెనుక సరస్సు చిన్నదనియు, చుట్టును చెట్లున్నవనియు వ్రాసినారు. కావున మా యోటు అత్తగారికే. పెద్ద సరస్సున చేపలు పట్టు సరదా పెనిమిటికున్నచో, మిత్రులతో వారి నావలో పోవచ్చును; బిడ్డలను మాత్రము పంపవలదు.

పాంటూను కదలదని నమ్మి ఏమఱుటలో నొక ప్రమాదము గలదు. పిల్లలు ముందరి తలుపు దాటి అంచున కాళ్లు వ్రేలాడవేసి కూర్చుందురు. అల తగిలినను, వేగము తగ్గినను, ముందునకు జాఱి రెండు గొట్టముల నడుమ పడుదురు. పడవ వారిమీదుగా పోవును. వెనుకనున్నది ఇంజను పంకా. ఇంజను కదలకముందే ఆ తలుపు గడియవేయుడు. అది తల్లి పని, లేక అత్తగారి పని. చుక్కాని పట్టినవారికి అంతయు కనబడదు.

పడవ సాగునపుడు పదేండ్లలోపు పిల్లలకు లైఫ్ జాకెట్టు తొడుగవలెనని ఆ రాష్ట్రపు చట్టము. పదేండ్లు దాటినవారికిని తొడుగుడు. చంటిబిడ్డకు కొలత కుదిరిన జాకెట్టు దొరకనిచో ఈ వేసవికి ఒడ్డుననే యుంచుడు. కారులో కట్టు కుర్చీలో పెట్టి పడవ యెక్కింపవలదు. నీటబడినచో అది బిడ్డతో గూడ మునుగును.

సొమ్ము చెల్లింపకముందు ఒకదినము పాంటూనును అద్దెకు తీసికొని, గాలిగల మధ్యాహ్నమున అత్తగారిని ఎక్కించి చూడుడు. చదునైన ఆ పడవను గాలి ప్రక్కకు నెట్టుచుండగా రేవుకు చేర్చుట ఎంత పనియో పెనిమిటికిని అప్పుడే తెలియును.