కంపెనీ వాడి చెవి

మా పెనుగొండలో చావు జరిగిన ఇంటి అడ్రసు ఎవరినీ అడగక్కర్లేదు. ఘంటసాల గొంతు ఎటునుంచి వస్తుంటే అటు నడవడమే. మైకుసెట్టు కుర్రాడికి ఎవరూ చెప్పరు, వాడే భగవద్గీత పెట్టేస్తాడు. 1974లో, ఆయన పోయిన ఏడాదే, హెచ్.ఎం.వి. ఆ రికార్డుని బయటికి తెచ్చింది. అదే కంపెనీ మద్రాసు ఆఫీసు అంతకు ముప్ఫై ఏళ్ళ ముందు ఇదే గొంతుని పనికిరాదని వెనక్కి పంపింది.

తిరస్కారం కథ మనవాళ్ళకి చాలా ఇష్టం. విజయనగరంలో సంగీతం చదువుకుని, 1942 ఉద్యమంలో జైలుకెళ్ళొచ్చిన మనిషిని మద్రాసు కాదనడం, తర్వాత ఆయనే పాతికేళ్ళు తెలుగు సినిమా పాటని ఏలడం. సినిమాటిక్‌గా ఉంటుంది మరి. కానీ ఆ రెండింటి మధ్యా ఒక ఉద్యోగి ఉన్నాడు. ఆయన్ని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. నా గొడవంతా ఆ ఒక్క వాక్యంతోనే.

ఆ ఉద్యోగి పేకేటి శివరాం. మా పక్కనే ఇరగవరం మండలంలోని పేకేరులో 1918లో పుట్టారు. పేరు చెప్పగానే అందరికీ 'దేవదాసు'లో భగవాన్ గుర్తొస్తాడు. కొంచెం ఎక్కువ తెలిసినవాళ్ళు 'చుట్టరికాలు', 'కులగౌరవం' తీసిన డైరెక్టరంటారు. ఇవన్నీ ఆయన రెండో కెరీర్. మొదటిది హెచ్.ఎం.వి. మద్రాసు ఆఫీసులో. 1940ల్లో అక్కడ బాధ్యత చేతికొచ్చాక, తనకు ముందున్న అధికారి వద్దన్న ఘంటసాలని పిలిచి ప్రైవేటు పాటలు రికార్డు చేయించారు. నా లెక్కలో ఆయన చేసిన అన్ని పనుల్లోకీ పెద్దది ఇదే. నటుడిగా ఆయన లేకపోతే భగవాన్ వేషం ఇంకొకరు వేసేవారు. ఆ కుర్చీలో ఆయన చెవి లేకపోతే?

"ఇప్పుడా బాధ లేదు కదా, ఎవడి పాట వాడు అప్‌లోడ్ చేసుకోవచ్చు" అంటాడు మా ఆఫీసులో ఫ్రెండు. నేనూ సాఫ్ట్‌వేర్ వాడినే కాబట్టి ఈ మాటకి జవాబు చెప్పాలి. అప్‌లోడ్ చేయడం వేరు, రికార్డు చేయించడం వేరు. రికార్డు అంటే కంపెనీ తన డబ్బుతో స్టూడియో ఇచ్చి, వాయిద్యగాళ్ళకి కట్టి, డమ్‌డమ్ ఫ్యాక్టరీలో ప్లేట్లు అచ్చేయించడం. మునిగితే ఆ ఉద్యోగిని అడుగుతారు. ఒకడు తన ఉద్యోగాన్ని ఒక గొంతు మీద పందెం కాయడం అది.

ఇప్పుడు ఆ పందెం కాసేవాడు లేడు. రికమెండేషన్ ఇంజన్లు చాలావరకు ఈ పాట విన్నవాళ్ళు ఇంకేం విన్నారని చూస్తాయి. ఎవరూ వినని పాట గురించి వాటికి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. మా భాషలో దీన్ని కోల్డ్ స్టార్ట్ అంటాం. 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి వెయ్యిసార్లయినా వినపడని పాటకి రికార్డింగ్ రాయల్టీయే లేదు. ముందు వినిపించుకో, తర్వాత వింటాం అన్నట్టుంది. మా పెద్దమ్మ కూతురు పద్యాలు పాడి వీడియోలు పెట్టేది. రెండొందల చిల్లర వ్యూస్ దగ్గర ఆగిపోయాయి. అదీ ఆపేసింది. బాగా పాడలేదని దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా బాగుండేది.

కంపెనీ అధికారులు దేవుళ్ళని నేననడం లేదు. ఘంటసాలని కాదన్నదీ ఒక అధికారే కదా. కానీ ఆ 'కాదు'కి ఒక మొహం ఉంది. మొహం ఉంది కాబట్టి, ఆ కుర్చీలో మనిషి మారగానే జవాబూ మారింది. మా పెద్దమ్మ కూతురు ఎవరు మారేదాకా ఆగాలి?

పోనీ, రాసేవాళ్ళం మనమేమైనా మెరుగా? కొత్త పాట మీద రాసేముందు వ్యూస్ ఎన్నో చూడనివాళ్ళు చెయ్యెత్తండి. నేనెత్తలేను. పాట అంటే కవి, గాయకుడు, సంగీత దర్శకుడు అని ముగ్గురితో వ్యాసం ముగిస్తాం. దాన్ని ఎంచుకున్న నాలుగోవాడిని వ్యాపారి అని పక్కన పెడతాం. అలా ఆ పనికి విలువ లేకుండా చేశాం, కంపెనీలు దాన్ని తీసి అంకెలకి అప్పజెబితే మనకి తెలియనేలేదు.

నేనడిగేది చిన్నదే. పాట కింద ఆ ముగ్గురి పేర్లతో పాటు దాన్ని ఒప్పుకున్న మనిషి పేరు కూడా వేయండి. వద్దన్నప్పుడు కూడా సంతకం పెట్టి వద్దనండి. మళ్ళీ ఎప్పుడొచ్చి అడగాలో పాడేవాళ్ళకి తెలుస్తుంది.