దారిలో దిగవలసిన ఊళ్లు

హైదరాబాదు నుంచి విశాఖపట్నం కారులో వెళ్లివచ్చామని ఎవరితోనైనా అని చూడండి. "ఎన్ని గంటలు పట్టింది?" అన్నదే మొదటి ప్రశ్న. పన్నెండు అన్నామా, "మేము పదకొండింటిలో వెళ్లాం" అంటారు. దారిలో ఏం చూశారని అడిగిన మహానుభావుడు నాకు ఇంతవరకు తగలలేదు. ఆరువందల పైచిలుకు కిలోమీటర్ల దారి! కృష్ణ పక్కనుంచి పోవాలి, గోదావరి దాటాలి. కాకతీయులు, రెడ్డిరాజులు, వాళ్లకు ముందు బౌద్ధ భిక్షువులు తిరిగిన నేల. అదంతా కిటికీ అద్దం అవతల అలా వచ్చి ఇలా పోతుంది.

నేను వాళ్లకంటే మెరుగని చెప్పుకోవడం లేదు. నాది మరో రకం తెగులు. మూడేళ్ల క్రితం విశాఖలో వొక పెళ్లికి బయలుదేరుతూ, ముందు రోజు రాత్రి కూర్చుని తెల్లకాగితం మీద పదకొండు మజిలీలు రాశాను. తెలుగు పాఠం చెప్పుకు బతికేవాడికి దారి పొడుగునా శాసనాలే కనిపిస్తాయి కదా! పానగల్లు, పిల్లలమర్రి, కొండపల్లి, ఉండవల్లి, గుంటుపల్లి... పట్టిక అలా పెరిగింది. పక్కన కూర్చుని చూస్తున్న మా అమ్మ, "ధవళేశ్వరం లాకుల దగ్గర వొక్క అయిదు నిమిషాలు ఆపుతావుట్రా?" అంది. ఆవిడ చిన్నతనమంతా ఆ ఊళ్లోనే గడిచింది. మా తాతగారు కాలవల మీద ఓవర్సీరు. "ఓ, దానికేం భాగ్యం" అన్నాను. కాగితం మీద మాత్రం రాయలేదు. అయిదు నిమిషాల పనికి రాతకోతలెందుకని.

పదకొండింటిలో నాలుగు చూశాం. చూశామనడం కంటే తొక్కి వచ్చామనడం సబబు. బెజవాడ చేరేసరికే పొద్దు వాలింది. గుండుగొలను దగ్గర బాట రెండుగా చీలుతుంది. వొకటి తణుకు, రావులపాలెం మీదుగా పోతుంది, రెండోది దేవరపల్లి, కొవ్వూరు మీదుగా. తొందరగా పోవచ్చని రెండోదే పట్టాను. రాత్రి తొమ్మిది దాటాక వంతెన మీద అమ్మ అడిగింది: "గోదారేనా?" "అవునమ్మా, తిరుగు ప్రయాణంలో ఆగుదాంలే" అన్నాను. తిరుగు ప్రయాణమూ రాత్రే అయింది, మర్నాడు కాలేజీ కనుక. అమ్మ ఆ తరవాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి నాతో పోట్లాడి వుంటే ఎప్పుడో మరిచిపోయి వుండేవాణ్ణి.

మరుసటి ఏడు ఆవిడకు మోకాలి ఆపరేషను అయింది. మొన్న సంక్రాంతి సెలవులకు మళ్లీ విశాఖ ప్రయాణం పడ్డప్పుడు, కాగితం నా చేతికివ్వకుండా మా ఆవిడే పుచ్చుకుంది. ఇంటి లెక్కలు రాసే మనిషి గనుక ముందు లెక్క కట్టింది. అయిదుగురు మనుషులు కారు దిగి, చెప్పులు వెతుక్కుని, కాఫీ తాగి, మళ్లీ ఎక్కి తలుపులు వేసుకునేసరికి అరగంట. అంటే నా పదకొండు మజిలీలకు ఏమీ చూడకుండానే అయిదున్నర గంటలు! అందుచేత మొదటి రోజు నాలుగు, రెండో రోజు రెండు, మధ్యన రాజమండ్రిలో రాత్రి బస. మనిషికి వొక్క మజిలీ. ఎవరిదీ కొట్టెయ్యడానికి వీల్లేదు. నోరు విప్పి అడగని వాళ్లను ముందు అడగాలి. ఆ చివరి మాట అంటూ నావైపు చూడలేదు గాని, చూసినట్టే అనిపించింది.

నా వంతుకు పిల్లలమర్రి కోరుకున్నాను. సూర్యాపేట పక్కనే, పెద్దబాటకు నాలుగైదు కిలోమీటర్లు. తెల్లవారుజామున అయిదున్నరకు హైదరాబాదులో బయలుదేరితే ఎండెక్కకముందే గుడిలో వుంటాము. ఇది ముఖ్యం. మన గుళ్లు చాలావరకు మధ్యాహ్నం మూస్తారు. పన్నెండున్నరకు చేరి తాళం కప్పను దర్శించుకున్న యాత్రికుల్లో నేనొకణ్ణి. ఇక్కడి ఎరకేశ్వరాలయం రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసాని కట్టించింది, పదమూడో శతాబ్ది తొలినాళ్లలో. నల్లరాతి స్తంభాల నునుపు చూస్తే చేత్తో నిమరబుద్ధేస్తుంది. శృంగార శాకుంతలం రాసిన పినవీరభద్రుని ఇంటిపేరు కూడా ఈ ఊరి పేరే గదా అని పిల్లలకు పావుగంటసేపు పాఠం చెప్పాను. మా అబ్బాయి ఆవలించాడు. అమ్మాయి మాత్రం, "ఎరకసాని తన పేరే పెట్టుకుందా గుడికి?" అని అడిగింది. పావుగంటకు వొక ప్రశ్న. నా క్లాసులో కూడా సగటు అంతే.

కొండపల్లి మా ఆవిడ మజిలీ, బొమ్మల కొలువు కోసం. బెజవాడ ఇంకా కాస్త దూరం వుందనగా ఇబ్రహీంపట్నం దగ్గర పక్కకు తిరగాలి. మిట్టమధ్యాహ్నం చేరినా బాధలేదు, పనంతా నీడపట్టునే. అక్కడ దుకాణంలో బేరమాడి వచ్చెయ్యడం అన్యాయం. పనివాళ్ల ఇళ్ల దగ్గర కాసేపు నిలబడాలి. తెల్ల పొణికి కర్ర చేతిలోకి తీసుకుంటే కర్ర కాదు, ఎండిన గుమ్మడి తొక్కేమో అన్నంత తేలిక. చేతులు, కాళ్లు, తలపాగా విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఏనుగు అంబారీ ఎన్ని ముక్కల అతుకో తెలిశాక మా ఆవిడ బేరమాడటం మానేసింది. మా సంసారంలో ఇది నమోదు చేయదగ్గ ఘట్టం.

ఉండవల్లి, గుంటుపల్లి ఈసారి వదిలేశాం. మోకాళ్లున్న రోజున, వాటికోసమే ఇంకో ప్రయాణం పెట్టుకోవాలి. గుంటుపల్లిని గంటలో చూడాలనుకోవడం భారతాన్ని బస్సు స్టాండులో చదవడం లాంటిది.

బెజవాడలో భోజనం చేసి, గుండుగొలను దగ్గర ఈసారి తణుకు దారి పట్టాను. రావులపాలెంలో అరటిగెలల రాసులు చూసుకుంటూ, పెద్దబాట వదిలి ఆత్రేయపురం దారిన పడ్డాము. ఇది మా అబ్బాయి కోరింది, తిండి ప్రసక్తి వున్న మజిలీ కనుక. పూతరేకులు మీరూ తినివుంటారు. చేస్తుండగా చూశారా? బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, పైన పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ అలా పరిచి ఇలా లాగడం. రెండు క్షణాల్లో కాగితం లాంటి రేకు లేచి వస్తుంది. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా వాడు తనూ చేస్తానని గుడ్డ పుచ్చుకున్నాడు. వచ్చింది రేకు కాదు, అట్టు. అదీ తిన్నాడు.

అక్కడినుంచి బొబ్బర్లంక మీదుగా బ్యారేజి ఎక్కితే అవతల ధవళేశ్వరం. సూర్యుడు కిందికి దిగుతున్నాడు. అబ్బాయి తలుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో తప్పాడు. నాలుగు పాయల మీదా కలిపి 175 అని నేను చెప్పాను. అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఆవిడ ఎరిగినది ఇది కాదు. 1847లో కాటన్ దొర మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేసిన రాతి ఆనకట్ట ఆవిడది, నీళ్లు పైనుంచి పొర్లిపోయేది. ఈ ఇనప తలుపుల కట్టడం 1970లో మొదలై 1982కి పూర్తయింది. అప్పటికి ఆవిడ పెళ్లయి ఊరు విడిచి ఏళ్లు దాటాయి. ఇల్లు వున్న వీధి వెతికాం, దొరకలేదు. నాకు గుండె జారింది. ఇంత చేసి, ఇంత ఆలస్యంగానా తీసుకువచ్చాను అనిపించింది.

లాకుల దగ్గరికి వచ్చేసరికి అమ్మ నా చెయ్యి వదిలి తనే గట్టు అంచుకు నడిచింది. "ఇదిగో, ఇక్కడ కూర్చునేవాళ్లం" అంది. పిల్లలను చెరోపక్క నిలబెట్టుకుని మొదలుపెట్టింది. నదిలో నీటిమట్టం ఎత్తు, కాలవలో పల్లం. పడవ రెండు జతల తలుపుల మధ్యకు వస్తుంది. వెనక తలుపులు మూస్తారు. ముందువైపు నీళ్లు కొద్దికొద్దిగా వదులుతారు. పడవ, అందులోని బస్తాలు, వంట చేసుకుంటున్న సరంగు, అన్నీ కలిసి కదలకుండా కిందికి దిగుతాయి. "లిఫ్టులాగానా మామ్మా?" అన్నాడు అబ్బాయి. "అదే మరి, కరెంటు లేని లిఫ్టు." కాకినాడ వైపు, ఏలూరు వైపు సరుకంతా అలా కాలవల మీదే పోయేదని చెప్పింది. తండ్రి చెయ్యి ఊపితే లస్కరు చక్రం తిప్పేవాడట. నాకివేవీ తెలియవు. నలభై ఆరేళ్లుగా నేను ఎప్పుడూ అడగలేదు.

పిల్లలమర్రిలో ఆవలించిన వాడు గంటన్నర సేపు అక్కణ్ణించి కదలలేదు.

కాటన్ మ్యూజియం మరునాటి ఉదయం చూసుకుని, అమ్మాయి వంతు బొజ్జన్నకొండకు పోయాం. అనకాపల్లి దగ్గర శంకరం అనే ఊరిలో వుంది. సంఘారామమే శంకరమయిందని చెబితే ఈసారి ఇద్దరూ విన్నారు. నేను మారానో, వాళ్లు మారారో తెలియదు. మెట్లున్నాయి గనుక అమ్మ కిందనే చెట్టు నీడలో కూర్చుంది. కొండరాతిలో తొలిచిన స్తూపాలు చూసి వచ్చేసరికి అమ్మాయి నోటుబుక్కు ఆవిడ వొళ్లో వుంది. ముందు రాత్రి బసలో కూర్చుని అమ్మాయి లాకుల బొమ్మ వేసుకుంది లెండి. అమ్మ కళ్లజోడు పెట్టుకుని దాన్ని పరీక్షగా చూస్తోంది.

"తలుపులు ఇటు కాదే," అంది మనవరాలితో, "నీళ్లు వచ్చే వైపుకి తెరుచుకోవాలి. ఆ రబ్బరు ఇలా ఇయ్యి."