తుంగముస్త: మొక్కతోపాటు నేలనూ గుర్తించాలి

తుంగముస్తల పేరు వినని తెలుగు గృహిణి అరుదు. జ్వరంలో ఇచ్చే షడంగపానీయంలో, అతిసారానికి కాచే కషాయంలో, చివరకు సున్నిపిండిలో కూడ ఈ గడ్డలు చేరుతాయి. గ్రాహి, దీపన, పాచన గుణాలు కలిసిన ద్రవ్యాలలో ముస్తయే శ్రేష్ఠమని చరకుని నిర్ణయం. అయితే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో పొలంగట్టున కనబడిన ప్రతి తుంగనూ పెరికి ఇంటికి తెచ్చే అలవాటు సరియైనది కాదని నా అభిప్రాయం.

ముందు మొక్క సంగతి. కాడను వ్రేళ్ళ నడుమ త్రిప్పి చూడండి. మూడు పలకలు తగిలితే తుంగజాతి. గుండ్రంగా కణుపులతో ఉంటే గడ్డిజాతి. మూడు పలకలున్న ప్రతిదీ ముస్త కాదు. వరిమడిలో బంతివంటి పూగుత్తులతో లేచే తుంగ ఒకటి, పసుపువన్నె కంకుల తుంగ మరొకటి ఉన్నాయి. వాటికి పీచువేళ్ళే గాని గడ్డలుండవు. అసలు ముస్తకు భూమిలో సన్నని తీగ సాగి, దానికి పూసల వలె గడ్డలుంటాయి. పైన నలుపు, లోపల తెలుపు. విరిస్తే సుగంధం, నమిలితే చేదు.

ఇక నేల. అనూపదేశంలో, అనగా చెమ్మగల పల్లపు భూమిలో పుట్టిన ముస్త మేలని భావప్రకాశం చెబుతుంది. మా గురువుగారు ఈ మాటను పాఠంతో సరిపెట్టక మమ్ములను చెరువు శిఖంలోకి దింపి, నీరు తీసిన నేలలో గడ్డ త్రవ్వించేవారు. మాది మెట్టసీమ. 1967లో నాగార్జునసాగర్ నీరు విడుదలైన తరువాత ఎడమ కాలువ క్రింది పొలాలు క్రమంగా మాగాణులయ్యాయి. "ఇదీ అనూపమే గదా?" అని కొందరడుగుతారు. నీరున్నమాట నిజమే. కాని రైతుకు తుంగ కలుపు మొక్క. దానిమీద 2,4-డి వంటి మందులు చల్లుతారు. ఆకు మాడినా గడ్డ తరచు బ్రతికి మరల మొలుస్తుంది. అట్టి గడ్డను కాచి పసివానికి త్రాగించడం ఎంత సాహసం! రైతును తప్పుపట్టను. దున్నినకొద్దీ గడ్డలు చెదరి చేనంతా ఆక్రమించే మొక్క అది. మూసీ ఒడ్డు మాట అసలే వద్దు; హైదరాబాదు మురుగును మోసుకొచ్చే నది అది.

మిగిలినవి మురుగు చేరని చెరువు శిఖాలు. వాటిని పూడ్చి ప్లాట్లు చేస్తుంటే కొంటున్నవారెవరు? మన మధ్యతరగతి గృహస్థులే. ఔషధం కావాలి, అది పుట్టే నేల మాత్రం అక్కరలేదు!

శిఖం అందుబాటులో లేనివారు పాత తొట్టిలో నాలుగు గడ్డలు నాటి తడి ఆరకుండా చూడండి. తోటలో మాత్రం నాటవద్దు, వదిలించుకోలేరు. ముదిరిన గడ్డలను త్రవ్వి, పీచు కాల్చి, కడిగి, ముక్కలు చేసి నీడన ఎండబెట్టాలి. పెద్దలకు చూర్ణం మోతాదు పూటకు 3 గ్రాములు. మలబద్ధకం ఉన్నవారు వాడరాదు. విరేచనాలతో నీరసించిన బిడ్డకు కషాయమంటూ జాప్యం చేయక, ఓ.ఆర్.ఎస్. త్రాగిస్తూ ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.