మాంతేకా ఉందా, భాయ్?



శాన్ డియెగోకు ఉద్యోగం మీద కొత్తగా వచ్చిన మన ఖాందాన్‌ల నోట తరచూ వినపడే సవాల్ ఒకటుంది: "ఇక్కడ మంచి మెక్సికన్ హోటల్ ఏది?" మనవాళ్ల దగ్గర రెండు జవాబులు తయారుగా ఉంటాయి. ఒకరు ఫోన్ తీసి ఎక్కువ స్టార్లున్న హోటల్ పేరు చెప్తారు. ఇంకొకరు "అదంతా హరామ్ వ్యవహారం, బిర్యానీ దొరికే చోటికి పొండి" అని తేల్చేస్తారు. నా రాయ్‌లో ఈ రెండూ బద్ధకపు జవాబులే. మొదటాయన దీన్ సంగతి మరిచాడు, రెండో ఆయన పొరుగువాడి సంగతి మరిచాడు. వంటింట్లో ఏం పడుతుందో మనం అడిగినప్పుడు దాచకుండా సచ్చీ జవాబు ఇచ్చేదే మన ఘరానాలకు మంచి మెక్సికన్ హోటల్. అడగాల్సిన జిమ్మేదారీ మాత్రం మనది.

ఈ షహర్‌లో ఆ జిమ్మేదారీని తప్పించుకోలేం. శాన్ డియెగో సముద్రం ఒడ్డున, మెక్సికో సరిహద్దును ఆనుకుని ఉంది. శాన్ యిసిద్రో దాటితే అవతల తిహువానా. చూలా విస్టా, నేషనల్ సిటీ, బ్యారియో లోగన్ మొహల్లాల్లో మెక్సికన్ కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. క్వాల్కామ్ లాంటి కంపెనీల నౌకరీలకు వచ్చిన మన పిల్లలు వాళ్ల పిల్లలతోనే బడికి పోతారు, వాళ్లతోనే ఫుట్‌బాల్ ఆడతారు. పుట్టినరోజు దావత్‌కు పిలుపు వస్తుంది. ప్రతిసారీ "వద్దు" అనే పిల్లవాడు ఆ ఊరికి అజ్నబీగా మిగిలిపోతాడు. ఏమీ అడక్కుండా అన్నీ తినేవాడికి హలాల్ మాటే బరువు కోల్పోతుంది. మధ్యదారి ఒకటుంది, దాని పేరు తహ్కీక్.

ముందు కళ్లు చేసే మోసం గురించి చెప్తాను. టాకో దుకాణం ముందు నిలువు ఊచకు గుచ్చి తిప్పుతూ కాల్చే మాంసాన్ని చూడగానే మన పిల్లలు "అబ్బా, షవర్మా!" అంటారు. టోలీచౌకీ యాదికొస్తుంది. పిల్లలు అన్నది పూర్తిగా గలత్ కూడా కాదు. లెబనాన్ తదితర అరబ్ ప్రాంతాల నుంచి మెక్సికోకు వలస పోయినవాళ్లు షవర్మా తరీఖాను తీసుకుపోయారు. పుయెబ్లా పట్టణంలో అది 'టాకోస్ ఆరాబెస్' అయింది, తర్వాత 'అల్ పాస్తోర్' అయింది. తరీఖా అరబ్బుది, గోష్త్ మాత్రం పందిది. తిహువానా, శాన్ డియెగో వైపు దీన్నే 'అదోబాదా' అనీ అంటారు. అల్ పాస్తోర్, అదోబాదా, కార్నీతాస్, చిచరోన్, చోరీసో: మెనూలో ఈ పేర్లు కనిపిస్తే మామూలుగా పంది అనే అనుకోవాలి. పిల్లలకు ముందే నేర్పండి.

రెండో మోసం ఇంకా గట్టిది, ఎందుకంటే అది కంటికి కనపడదు. "గోష్త్ వద్దులే, బీన్స్ తింటాం" అని చాలామంది నిశ్చింతగా కూర్చుంటారు. ఉడికించి, మెదిపి, మళ్లీ వేయించే ఆ బీన్స్‌ను 'ఫ్రిహోలెస్ రెఫ్రీతోస్' అంటారు. పాత పద్ధతిలో వాటిని వేయించేది 'మాంతేకా'లో. మాంతేకా అంటే పంది కొవ్వు. మైదా తోర్తియాల పిండిలో మెత్తదనం కోసం అదే కలుపుతారు, తమాలే పిండిలోనూ అదే. ఇవాళ చాలా దుకాణాలు నూనె వాడతాయి, కానీ అందరూ కాదు. ఎర్రన్నం కోడి షోర్బాలో వండి ఉండొచ్చు, ఆ కోడి జబీహా అయ్యే గుంజాయిష్ తక్కువ. అందుకే 'వెజిటేరియన్' అన్న ఒక్క మాట మీద భరోసా పెట్టుకోవద్దు.

మక్కజొన్న తోర్తియా ఈ విషయంలో మన దోస్తు. మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, రుబ్బిన పిండితో చేస్తారు. మక్కలు, నీళ్లు, సున్నం, అంతే. పెనం మీంచి దిగిన వేడి తోర్తియా వాసన మన మక్క రొట్టెకు దగ్గరి చుట్టమే.

ఇక చేప సంగతి. ఈ తీరానికి నిజమైన తోఫా చేప టాకో. దాని ఊరు సరిహద్దు అవతలి బాహా కాలిఫోర్నియా, అందులోనూ ఎన్సెనాదా పేరు మషూర్. 1983లో మిషన్ బే దగ్గర మొదలైన రూబియోస్ అనే దుకాణం దాన్ని శాన్ డియెగోలో ఇంటింటి మాట చేసింది. సన్నగా తరిగిన క్యాబేజీ, తెల్లటి సాస్, నిమ్మరసం, లోపల కరకరలాడే చేప. కాకినాడ, మచిలీపట్నం వైపు నుంచి వచ్చినవాళ్లకు మొదటి కొరుకుకే మనసు కుదురుతుంది. కానీ ఇక్కడా ఒక మాట అడగాలి. చేపను ముంచే పిండిలో బీరు కలపడం చాలాచోట్ల రివాజ్. బీరు కలిపితే వేయించినది పక్కన పెట్టి, నిప్పుల మీద కాల్చిన చేప అడగండి.

అందుకే మన ఘరానాలకు నా మష్వరా: 'మారిస్కోస్' అన్న బోర్డు వెతకండి. అంటే సముద్రపు వంటల దుకాణం. నిమ్మరసంలో ఊరిన సెవీచే ఉంటుంది. చేపను రెండుగా చీల్చి, మసాలా పట్టించి, నిప్పుల మీద కాల్చే 'పెస్కాడో సరాందేయాడో' ఉంటుంది. నయారీత్ వైపు వంట అది. ఒక్క పెద్ద చేప ఘర్ మొత్తానికీ సరిపోతుంది, దస్తర్‌ఖాన్ మీద అందరూ ఒకే పళ్లెంలో తిన్నట్టే ఉంటుంది. హనఫీ ఘరానాలవాళ్లకు ఆయిస్టర్, ఆక్టోపస్, పీత కుదరవు. రొయ్య మీద మన ఉలమాల్లోనే ఇఖ్తిలాఫ్ ఉంది. మీ ఇంట్లో ఏ మాట మీద నడుస్తున్నారో దాని మీదే నడవండి.

గొడ్డు గోష్త్ విషయంలో కూడా రెండు మాటలున్నాయి. అహ్లె కితాబ్ కోసినది చెల్లుతుందనేవాళ్లున్నారు, ఈనాటి కబేళాల తీరు చూసి చెల్లదనేవాళ్లున్నారు. ఆ బహస్ ఆలిమ్‌లది, మస్జిద్‌లో ఇమామ్ సాబ్‌ను అడగండి. నేను చెప్పేది వేరు. ఈ వంటకాల తబియత్ మనకు చాలా దగ్గర. హలీస్కో ప్రాంతపు 'బిర్రియా' అసలు మేక గోష్త్‌తో పుట్టింది. ఎండు మిరపకాయలతో, మసాలాలతో మెత్తగా ఉడికించి, షోర్బా పక్కన పోసి ఇస్తారు. నిహారీ తిన్న నాలుకకు దాని అర్థం చెప్పనక్కర్లేదు. 'లెంగ్వా' అంటే జబాన్, 'కబేసా' అంటే సిరీ. ఆదివారం పొద్దున వాళ్లు తాగే 'మెనూదో'లో గొడ్డు బోటి ఉంటుంది, కొన్నిచోట్ల పాయా కూడా పడుతుంది. చార్మినార్ పక్కన ఫజర్ తర్వాత నిహారీకి నిలబడే కౌమ్‌కు ఇంతకంటే ఏం తఆరుఫ్ కావాలి? జబీహా ఒక్కటే లోటు.

ఎలా అడగాలి? ఒక్క మాట నేర్చుకుంటే చాలు. 'యేవా' అంటే 'ఇందులో వేస్తారా' అని. "యేవా మాంతేకా?" పంది కొవ్వు వేస్తారా? "యేవా ప్వెర్కో?" పంది మాంసం ఉందా? "యేవా సెర్వేసా?" బీరు కలుపుతారా? నవ్వుతూ, సలీఖాతో అడగండి. మధ్యాహ్నం లైను బయటిదాకా ఉన్నప్పుడు కాకుండా తీరిక వేళ చూసుకోండి. ఒకే పెనం మీద చోరీసో, చేప రెండూ కాలుస్తుంటే వేరే పెనం వాడగలరా అని కనుక్కోండి. అడగడంలో షరమ్ ఏమీ లేదు. అడిగి, ముఖం చిట్లించి, "ఛీ" అనుకుంటూ లేచిపోతేనే షరమ్. మాంతేకా ఆమెకు వాళ్ల నానీ నేర్పిన వంట. "అవును, మాంతేకా వేస్తాం" అని ఉన్నదున్నట్టు చెప్పిన ఆమె మనకు ఎహ్‌సాన్ చేసినట్టే. "గ్రాసియాస్" చెప్పి, తినగలిగింది తినండి. అదీ మంచి హోటలే. "ఏం కాదు, తినేయండి" అని మాట దాటవేసే చోటికి ఎన్ని స్టార్లున్నా మళ్లీ పోవద్దు.

తినడానికి ఏమీ కుదరకపోతే గాజు కూజాల వైపు చూడండి. ఎర్రగా ఉండే 'హమాయికా' షర్బత్ మన ఎర్ర గోంగూర జాతి చెట్టు పూల దొప్పలతో చేసింది. ఇంట్లో అంబాడా గోష్త్ వండే అమ్మీలకు ఆ పులుపు పరాయిది కాదు. పక్కన 'తమరిందో', చింతపండు షర్బత్. ఆ పేరు అరబీ 'తమ్ర్ హిందీ' నుంచి వచ్చింది, అంటే హింద్ ఖర్జూరం. స్పానిష్ జుబాన్‌లో అందలూస్ నాటి అరబీ ఇంకా పలుకుతోంది. చక్కెరను 'అసూకర్' అంటారు, నూనెను 'అసెయితే' అంటారు. 'అలా జరిగితే బాగుండు' అనడానికి వాళ్లు వాడే 'ఓహాలా' మాటలో అల్లాహ్ పేరే దాగి ఉంది. ఇవి చెప్పి పిల్లలను ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టండి. అది వాళ్లకు పరాయి ఇల్లులా అనిపించదు.

ఇంకో అడుగు కూడా వేయొచ్చు. 2016 ఎన్నికల వేళ ట్రంప్ మద్దతుదారు ఒకడు, వలసలను ఆపకపోతే ప్రతి మూలకూ టాకో ట్రక్ వస్తుందని భయపెట్టాడు. మరుసటి ఏడు, 2017 రంజాన్‌లో, ఆరెంజ్ కౌంటీలోని శాంటా ఆనా నుంచి 'ప్రతి మస్జిద్ దగ్గర టాకో ట్రక్' అనే కార్యక్రమం మొదలైంది. మస్జిద్ ముందు ట్రక్ నిలబడింది, గోష్త్ హలాల్‌ది, వండింది మెక్సికన్ చేతులు. ఇఫ్తార్‌కు ముసల్మాన్లు, వాళ్ల లాటినో పొరుగువాళ్లు కలిసి తిన్నారు.

శాన్ డియెగో జమాత్‌లు ఈద్‌కు ఇదే చేయొచ్చు. జబీహా దుకాణం నుంచి గోష్త్ మనం తెద్దాం, కొత్త పెనం, నూనె మనం ఇద్దాం, టాకో చేసే ఉస్తాద్‌ను మజూరీ ఇచ్చి పిలుద్దాం. మనకు ఏం కావాలో ఒకసారి తెలిసిన దుకాణదారు రేపు తనంతట తానే హలాల్ గోష్త్ పెట్టే ఆలోచన చేస్తాడు. గిరాకీ కనపడందే ఏ వ్యాపారీ మారడు. ఇంట్లో కూర్చుని "అంతా హరామ్" అన్నంతకాలం ఆ గిరాకీ ఎవరికి కనపడుతుంది?

కాబట్టి ఈ వారం చూలా విస్టా వైపు పోండి. మెక్సికన్ నానీలు మనవళ్లతో తినే చిన్న మారిస్కోస్ దుకాణం చూసుకోండి. బిస్మిల్లాహ్‌కు ముందు ఆ మూడు సవాళ్లు అడగండి. ఇన్షాఅల్లాహ్, కడుపూ నిండుతుంది, దిల్‌కూ ఇత్మీనాన్ ఉంటుంది.